గాలిలో జినాన్ జాడలు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

భూగర్భ అణుపరీక్షలను దూరం నుండి ఎలా గుర్తిస్తారన్న విషయాన్ని గత సంచికలో ప్రస్తావించినప్పుడు, గాలిలో రేడియోధార్మిక జినాన్‌ను వెతకడం గురించి రెండు వాక్యాలు మాత్రమే రాయగలిగాము. ఆ రెండు వాక్యాలపై వచ్చిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: భూమి లోపల అణుబాంబు పేలిస్తే భూకంప లేఖినులలో ప్రకంపనలు నమోదవుతాయి కదా. అటువంటప్పుడు గాలిని కూడా పరీక్షించవలసిన అవసరం ఏమిటి? గాలిలో ఇన్ని వాయువులు ఉండగా జినాన్‌నే ఎందుకు ఎంచుకున్నారు? (ఒక ఉపాధ్యాయుడు, ఒంగోలు)

ప్రకంపనలను బట్టి పేలుడు జరిగిన చోటు, సమయం, ఇంచుమించుగా దాని తీవ్రత తెలుస్తాయి. అది భూకంపమా, పేలుడా అన్నది కూడా తరంగాల తీరును బట్టి చాలావరకు తేలుతుంది. అయితే పేలినది అణుబాంబా, లేక పెద్ద మొత్తంలో పోగుచేసిన మామూలు పేలుడు పదార్థమా అన్నది మాత్రం ప్రకంపనలు చెప్పలేవు. ఆ సందేహం తీరాలంటే యురేనియం లేదా ప్లుటోనియం కేంద్రకం విచ్ఛిత్తి చెందినప్పుడు, అంటే చీలిపోయినప్పుడు, పుట్టే పదార్థమేదో ఒకటి చేతికి దొరకాలి.

విచ్ఛిత్తిలో వందలాది రకాల రేడియోధార్మిక పరమాణువులు పుడతాయి. వాటిలో చాలా భాగం పేలుడు వేడికి కరిగిన రాతిలోనే కలిసిపోయి, ఆ రాయి చల్లారి గడ్డకట్టినప్పుడు అందులోనే ఉండిపోతాయి. జినాన్ అలా ఉండిపోదు. అది జడవాయువు కనుక రాతితో గాని, నీటితో గాని, మట్టితో గాని రసాయనికంగా కలవదు. పగుళ్ల వెంట నెమ్మదిగా పైకి పాకుతుంది, పైన వాతావరణ పీడనం తగ్గిన రోజున భూమి లోపలి గాలితో పాటు మరి కాస్త బయటికి లాగబడుతుంది. బయటపడిన తరువాత వాన దానిని కడిగివేయలేదు, ఆకులూ దుమ్మూ పట్టి ఉంచలేవు. గాలి ఎటు వీస్తే అటు పోతుంది. మిగిలిన జడవాయువులకూ ఈ గుణం ఉన్నది గాని, జినాన్‌కు మరొక అనుకూలత ఉన్నది. విచ్ఛిత్తిలో పుట్టే దాని నాలుగు రూపాల అర్ధాయువులు (ఉన్న పరమాణువులలో సగం నశించడానికి పట్టే కాలం) ఈ పనికి తగినట్లు ఉన్నాయి: జినాన్-135కు సుమారు 9 గంటలు, జినాన్-133ఎమ్‌కు (ఎమ్ అంటే అదనపు శక్తితో ఉన్న రూపం) 2.2 రోజులు, జినాన్-133కు 5.25 రోజులు, జినాన్-131ఎమ్‌కు దాదాపు 12 రోజులు. వేల కిలోమీటర్లు ప్రయాణించేంత కాలం కొంతైనా మిగిలి ఉంటుంది, అయినా పాతది ఏళ్ల తరబడి వాతావరణంలో పేరుకొని కొత్తదాన్ని కప్పివేయదు. ఒక కిలోటన్ను (వెయ్యి టన్నుల టీఎన్‌టీ పేలుడు పదార్థానికి సమానమైన) పేలుడులో పుట్టే జినాన్-133 రేడియోధార్మికత సుమారు 1 పక్కన 16 సున్నాలు పెట్టినన్ని బెకరెల్‌లు. (బెకరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు క్షయం కావడం.) ఈ మొత్తంలో వెయ్యో వంతు బయటపడినా దూరాన ఉన్న కేంద్రం పసిగట్టడానికి అవకాశం ఉంటుంది.

2006 అక్టోబరు 9న ఉత్తర కొరియా జరిపిన తొలి పరీక్ష ఒక కిలోటన్నుకు మించలేదు. రెండు వారాలు తిరగకముందే అక్కడికి దాదాపు 7,000 కిలోమీటర్ల దూరంలో, కెనడా ఉత్తరాన యెల్లోనైఫ్‌లో గాలిని పరీక్షించే కేంద్రంలో జినాన్-133 మామూలు కంటే ఎక్కువగా కనిపించింది. కెనడాలోనే చాక్ రివర్ అనే చోట వైద్య ఐసోటోపులు తయారుచేసే కేంద్రం అప్పుడు నడుస్తుండేది. అక్కడి జినాన్ కూడా యెల్లోనైఫ్‌కు చేరగలదు. అందుచేత శాస్త్రజ్ఞులు ఆ రోజుల గాలి దిశలను లెక్కగట్టి, చాక్ రివర్ నుండి రాగలిగిన భాగం ఎంతో తేల్చి, మిగిలినది కొరియా పరీక్షతో సరిపోతున్నదని నిర్ధారించారు.

2009 మే 25న అదే దేశం జరిపిన రెండో పరీక్ష తొలిదానికంటే పెద్దదని ప్రకంపనలు చెప్పాయి. అయినా ఆ పరీక్షకు చెందినదని చెప్పగల జినాన్ ఏ కేంద్రంలోనూ దొరకలేదు. సొరంగాన్ని గట్టిగా మూసివేస్తే, పైనున్న రాయి పగుళ్లు లేనిదైతే, వాయువు లోపలే ఉండిపోయి క్షీణించిపోగలదు. జినాన్ కనబడితే విచ్ఛిత్తి జరిగిందని చెప్పవచ్చు. కనబడలేదు కనుక జరగలేదని చెప్పరాదు. ఈ తేడాను పత్రికా వార్తలు తరచుగా విస్మరిస్తాయి కనుక దీనిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసిందిగా మా మనవి.

ఇక 2013 ఫిబ్రవరి 12 నాటి మూడో పరీక్ష సంగతి మరింత విశేషమైనది. మొదట్లో ఏమీ దొరకలేదు. ఆశ వదులుకున్న తరువాత, 55 రోజులకు, ఏప్రిల్ 8, 9 తేదీలలో, పరీక్షా స్థలానికి సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న జపాన్‌లోని తకసాకి కేంద్రం జినాన్-133ను, జినాన్-131ఎమ్‌ను రెండింటినీ పట్టుకున్నది. మరి కొద్ది రోజులకు రష్యాలోని ఉస్సురీస్క్ కేంద్రంలో ఇంకా తక్కువ మోతాదులో కనిపించాయి. 55 రోజులంటే జినాన్-133కు పది అర్ధాయువుల పైమాట, అంటే మొదట ఉన్నదానిలో వెయ్యో వంతు కూడా మిగలదు. జినాన్-131ఎమ్ అంత త్వరగా తగ్గదు. కనుక రెండింటి నిష్పత్తి ఒక గడియారంలా పనిచేస్తుంది. ఆ గడియారాన్ని చదివితే విచ్ఛిత్తి జరిగి యాభై రోజులు దాటినట్లు తేలింది. బహుశా మూసి ఉన్న సొరంగాన్ని ఎవరో తెరిచి ఉంటారని, లోపల నిలిచిన వాయువు అప్పుడు బయటపడి ఉంటుందని నిపుణులు ఊహించారు. అయితే బాంబులో వాడినది యురేనియమా, ప్లుటోనియమా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు, ఎందుకంటే దానికి ఆధారమయ్యే స్వల్పాయువు రూపాలు అప్పటికే నశించిపోయాయి.

ప్రశ్న: ఒక ఘనమీటరు గాలిలో ఒక మిల్లీబెకరెల్ జినాన్‌ను కూడా గుర్తిస్తారని రాశారు. అంటే ఎంత? అంత తక్కువను ఎలా కొలుస్తారు? (ఎమ్మెస్సీ విద్యార్థిని, వరంగల్లు)

ఒక బెకరెల్ అంటే సెకనుకు ఒక పరమాణువు క్షయం కావడం. మిల్లీబెకరెల్ అంటే వెయ్యి సెకన్లకు ఒకటి, అంటే దాదాపు పదిహేడు నిమిషాలకు ఒక్క క్షయం. అర్ధాయువును బట్టి లెక్కిస్తే ఆ ఘనమీటరులో ఉన్న జినాన్-133 పరమాణువులు సుమారు 650. ఆ ఘనమీటరు గాలిలోని మొత్తం అణువుల సంఖ్య 25 పక్కన 24 సున్నాలు. మీరు భౌతిక శాస్త్ర విద్యార్థిని అయితే కాగితం మీద ఈ లెక్క ఒకసారి స్వయంగా చేసి చూడండి. ఈ పరికరాలు చేసే పని మీద గౌరవం కలగడానికి ఆ లెక్క ఒక్కటి చాలు.

కొలిచే పద్ధతిలో కష్టమంతా వేరుచేయడంలోనే ఉన్నది. గాలిని గంటల తరబడి పంపుతో లాగి, ముందుగా తేమను, కార్బన్ డయాక్సైడ్‌ను తొలగిస్తారు. తరువాత ఆ గాలిని ఉత్తేజిత బొగ్గు నింపిన గొట్టాల గుండా పోనిస్తారు. జినాన్ పరమాణువు పెద్దది కనుక నత్రజని, ఆక్సిజన్ సాగిపోయినా అది బొగ్గు రంధ్రాలలో చిక్కుకుంటుంది. బొగ్గును వేడిచేస్తే తిరిగి బయటికి వస్తుంది. ఇలా పట్టడం, వేడిచేసి వదలడం దశలవారీగా జరిగేటప్పటికి గదినిండా ఉన్న గాలిలోని జినాన్ ఒక చిన్న గుళికంత చోటుకు చేరుతుంది. ఈ దారిలో రేడాన్‌ను తప్పనిసరిగా వడగట్టాలి. అదీ జడవాయువే, అదీ రేడియోధార్మికమే, పైగా ఆరుబయటి గాలిలో ఘనమీటరుకు పది బెకరెల్‌ల వరకు సహజంగా ఉంటుంది. మనం వెతుకుతున్నదానికి అది పదివేల రెట్లు. రేడాన్ కాస్త మిగిలినా జినాన్ సంకేతం అందులో మునిగిపోతుంది.

ఇక్కడ మాకు ఎంతో ఇష్టమైన ఉపాయం ఒకటి ఉన్నది. రేడియోధార్మికత లేని మామూలు జినాన్ గాలిలో ఎక్కడైనా ఒకే పాలులో, కోటి భాగాలకు 0.87 భాగం చొప్పున ఉంటుంది. అంటే ఘనమీటరుకు 0.087 మిల్లీలీటరు. పంపు ఎంత లాగింది, గొట్టంలో ఎంత పోయింది అన్న అంచనాలతో పని లేకుండా, చివరికి చేతికి వచ్చిన మామూలు జినాన్ పరిమాణాన్ని కొలిస్తే ఎన్ని ఘనమీటర్ల గాలిని నిజంగా జల్లెడ పట్టామో తెలిసిపోతుంది. ప్రకృతే ఒక కొలపాత్రను గాలిలో కలిపి ఇచ్చినట్లు!

ఆ తరువాత లెక్కింపు. స్వీడన్‌లో రూపొందిన సౌనా పరికరంలో జినాన్‌ను ప్లాస్టిక్ సింటిలేటర్ (వికిరణం తగిలితే మెరిసే పదార్థం) గుళికలో ఉంచి, దాని చుట్టూ సోడియం అయొడైడ్ స్ఫటికాన్ని అమరుస్తారు. క్షయమయ్యే పరమాణువు ఎలక్ట్రాన్‌ను, గామా కిరణాన్ని ఒకేసారి విడిచిపెడుతుంది. లోపలి గుళికలోనూ బయటి స్ఫటికంలోనూ ఒకే క్షణంలో మెరుపు కనిపిస్తేనే లెక్కలో వేస్తారు. పరిసరాల నుండి వచ్చే వికిరణంలో ఎక్కువ భాగం ఈ ఒక్క నియమంతోనే తొలగిపోతుంది. ఫ్రాన్సు పరికరం స్పలాక్స్ మొదటి రూపంలో జెర్మేనియం డిటెక్టరుతో గామా కిరణాల శక్తిని అతి నిశితంగా కొలిచేవారు. ప్లాస్టిక్ గుళికకు ఒక చిక్కు ఉండేది. జినాన్ కొంత ప్లాస్టిక్‌లోకే ఇంకిపోయి, తరువాతి నమూనాలో పాతదాని జ్ఞాపకంలా కనిపించేది. లోపలి గోడకు అల్యూమినియం ఆక్సైడ్ పలుచని పూత పూయడంతో ఆ బాధ చాలావరకు తగ్గింది. తొలి పరికరాలు పన్నెండు లేదా ఇరవై నాలుగు గంటలకు ఒక నమూనా తీసుకునేవి. కొత్త తరం పరికరాలు ఆరు లేదా ఎనిమిది గంటలకే ఒకటి తీసుకుంటున్నాయి. నమూనా వ్యవధి తగ్గేకొద్దీ ఆ గాలి ఎటునుండి వచ్చిందో కూడా మరింత ఖచ్చితంగా చెప్పవచ్చు.

ప్రశ్న: మా అమ్మాయి టొరంటోలోని ఒక ఆసుపత్రిలో న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో పనిచేస్తున్నది. గుండె స్కానింగ్‌లో వాడే టెక్నీషియం తయారీ వలన అణుపరీక్షల పర్యవేక్షణకు ఇబ్బంది కలుగుతుందని ఎక్కడో విన్నదట. ఇది నిజమేనా? (ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం)

నిజమే. ఈ రంగంలో పనిచేసేవారిని అన్నిటికంటే ఎక్కువగా వేధిస్తున్న సమస్య ఇదే కనుక కాస్త విపులంగా రాస్తున్నాము.

టెక్నీషియం-99ఎమ్ అర్ధాయువు ఆరు గంటలే. అందుచేత ఆసుపత్రులకు దాని మాతృక అయిన మాలిబ్డినం-99ను పంపుతారు. దాని అర్ధాయువు 66 గంటలు. మాలిబ్డినంను తయారుచేయడానికి ఎక్కువగా వాడే పద్ధతిలో యురేనియం పలకలను రియాక్టరులో కొన్ని రోజులు ఉంచి, బయటికి తీసిన వెంటనే కరిగిస్తారు. కరిగించినప్పుడు అందులో చిక్కి ఉన్న జినాన్ అంతా విడుదలవుతుంది. బెల్జియంలోని ఫ్లురూస్, దక్షిణాఫ్రికాలోని పెలిండాబా, ఆస్ట్రేలియాలోని లూకాస్ హైట్స్, ఒకప్పుడు కెనడాలోని చాక్ రివర్ ఈ పనికి పేరుపొందిన చోట్లు. మామూలు అణువిద్యుత్ కేంద్రం రోజుకు విడిచే జినాన్ సాధారణంగా వంద కోట్ల బెకరెల్‌ల స్థాయిలో ఉంటే, ఇటువంటి తయారీ కేంద్రం దానికి వేల రెట్లు విడిచిన సందర్భాలు ఉన్నాయి.

ఎక్కువ మోతాదు ఒక్కటే ఇబ్బంది అయితే సర్దుకోవచ్చు. అసలు చిక్కు పోలికలో ఉన్నది. విద్యుత్ రియాక్టరులో ఇంధనం నెలల తరబడి మండుతుంది. అంతకాలంలో దీర్ఘాయువు గల రూపాలు పేరుకుంటాయి, స్వల్పాయువు గలవి ఎప్పటికప్పుడు నశిస్తాయి. పైగా జినాన్-135కు న్యూట్రాన్లను మింగే గుణం అమితంగా ఉండడం వలన రియాక్టరులో అది మరింత తగ్గిపోతుంది. (1944లో అమెరికాలోని హాన్‌ఫర్డ్‌లో కొత్తగా ప్రారంభించిన పెద్ద రియాక్టరు కొద్ది గంటలకే దానంతట అది ఆగిపోవడానికి కారణం ఈ జినాన్-135యే.) బాంబులో అయితే విచ్ఛిత్తి అంతా రెప్పపాటు కంటే తక్కువ కాలంలో ముగుస్తుంది కనుక స్వల్పాయువు రూపాల పాలు ఎక్కువ. ఈ తేడా వలన నాలుగు రూపాల నిష్పత్తులను గ్రాఫు మీద గుర్తిస్తే రియాక్టరు ఒకవైపు, బాంబు ఒకవైపు పడతాయి. కానీ మాలిబ్డినం కోసం యురేనియం పలక రియాక్టరులో ఉండేది కొన్ని రోజులే. అందుచేత దాని జినాన్ గ్రాఫు మీద బాంబు వైపుకు జరిగి కూర్చుంటుంది. ప్రాణం నిలిపే స్కానింగు, ప్రాణాలు తీసే బాంబు గాలిలో దాదాపు ఒకే ఆనవాలును విడిచిపెడుతున్నాయన్నమాట.

దీనికి పరిష్కారం ఉన్నదని మా నమ్మకం. జినాన్‌ను బొగ్గు తొట్లలో మరికొంత కాలం నిలిపి ఉంచి వదిలితే చాలు, దానంతట అదే క్షీణిస్తుంది. నెల రోజులు ఆపితే జినాన్-133 యాభయ్యో వంతుకు తగ్గుతుంది. తయారీ కేంద్రాలు రోజుకు 500 కోట్ల బెకరెల్‌లకు మించకుండా చూసుకుంటే పర్యవేక్షణకు ఆటంకం ఉండదని నిపుణులు ఒక పరిమితిని సూచించారు. ఇది స్వచ్ఛందమైనదే తప్ప చట్టం కాదు. రెండో మార్గం, పొగగొట్టం వద్దే పరికరం పెట్టి ఏ గంటలో ఎంత విడుదలైందో వియన్నాలో ఉన్న అణుపరీక్షల పర్యవేక్షణ వ్యవస్థ సమాచార కేంద్రంతో పంచుకోవడం. కొన్ని తయారీ సంస్థలు ఇందుకు ముందుకు వచ్చాయి కూడా. తాము విడిచినది ఇంత అని ఒక కేంద్రం చెప్పగలిగితే దానిని లెక్కలో నుండి తీసివేయవచ్చు, చెప్పకపోతే ఊహించవలసి వస్తుంది. ఇంకో దేశం మీద అణుపరీక్ష నింద మోపే విషయంలో ఊహకు చోటు ఉండకూడదు. మీ అమ్మాయి చేస్తున్న పనికి ఎటువంటి లోటూ రాకుండానే ఈ రెండు పనులూ చేయవచ్చు.

ప్రశ్న: మాది తుమ్మలపల్లె యురేనియం గనికి దగ్గరి ఊరు. గనిలో రేడాన్ ఉంటుందని అంటారు. మీరు రాసిన జినాన్, ఆ రేడాన్ ఒకే రకమైనవా? జినాన్ వలన మన ఆరోగ్యానికి హాని ఉన్నదా? (ఒక రైతు, కడప జిల్లా)

రెండూ జడవాయువులే, పుట్టుక మాత్రం వేరు. జినాన్-133 విచ్ఛిత్తిలో పుడుతుంది. రేడాన్-222 యురేనియం తనంతట తాను క్షీణించే క్రమంలో పుడుతుంది కనుక యురేనియం ఉన్న ప్రతి రాయి నుండి, నేల నుండి ఎంతో కొంత వస్తూనే ఉంటుంది. దాని అర్ధాయువు 3.8 రోజులు.

దూరపు కేంద్రాలు పట్టుకునే మిల్లీబెకరెల్ జినాన్ వలన ఆరోగ్యానికి హాని లేదు. పీల్చిన జినాన్ శరీరంలో దేనితోనూ కలవక తిరిగి శ్వాసతో వెళ్లిపోతుంది. రేడాన్ విషయం అలా కాదు. రేడాన్ క్షీణించినప్పుడు పుట్టే పొలోనియం వంటివి వాయువులు కావు, ఘన లోహాలు. అవి దుమ్ము రేణువులకు అంటుకొని ఊపిరితిత్తులలో తిష్ఠవేసి ఆల్ఫా కణాలను విడుస్తాయి. భూగర్భ యురేనియం గనులలో గాలి నిరంతరం ఆడేలా పెద్ద పంకాలను నడిపేది, రేడాన్‌ను క్రమం తప్పక కొలిచేది ఇందుకే. ఇళ్లలో ఏడాది సగటు ఘనమీటరుకు 100 బెకరెల్‌లకు లోబడి ఉండడం మంచిదని, అది సాధ్యం కాని చోట 300 దాటరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మీ ఇల్లు గనికి దగ్గరైనా దూరమైనా, పడుకునే గదిలో కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వడం అన్నిటికంటే తేలికైన జాగ్రత్త. మీ గ్రామంలో కొలిచిన రేడాన్ వివరాలు కావాలంటే పంచాయతీ ద్వారా గని యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేసే దారి కూడా ఉన్నది.

ప్రశ్న: ఈ ఆలోచన మొదట ఎవరికి వచ్చింది? (ఒక పాఠకురాలు, హైదరాబాదు)

రెండో ప్రపంచ యుద్ధకాలంలో జర్మనీ రహస్యంగా రియాక్టరు నడుపుతున్నదేమోనన్న భయం అమెరికాకు ఉండేది. నడుపుతుంటే జినాన్-133 గాలిలోకి రాకతప్పదని, దానిని బొగ్గుతో పట్టవచ్చని భౌతిక శాస్త్రవేత్త లూయీ ఆల్వరెజ్ ఉపాయం చెప్పి, అందుకు తగిన పరికరాన్ని రూపొందించాడు. 1944లో బాంబర్ విమానాలలో దానిని అమర్చి జర్మనీ మీదుగా తిప్పారు. జినాన్ దొరకలేదు, జర్మనీలో పనిచేసే రియాక్టరు లేదని యుద్ధం ముగిసిన తరువాత తేలింది. ఆ తరువాతి కాలంలో సోవియట్ యూనియన్ ప్లుటోనియం ఉత్పత్తిని అంచనా వేయడానికి క్రిప్టాన్-85ను వాడుకున్నారు. వాడిన ఇంధనాన్ని కరిగించి ప్లుటోనియం తీసినప్పుడు అది బయటపడుతుంది. దాని అర్ధాయువు దాదాపు 10.8 ఏళ్లు కనుక అది వాతావరణంలో పేరుకుపోతుంది. జర్మనీలోని ఫ్రైబుర్గ్‌లో దశాబ్దాలుగా దానిని కొలుస్తూనే ఉన్నారు.

ప్రశ్న: మన దేశంలో ఇటువంటి కేంద్రాలు ఉన్నాయా? మాకు దగ్గరలో కల్పాక్కం ఉన్నది కనుక అడుగుతున్నాను. (ఒక తెలుగు పాఠకుడు, చెన్నై)

సమగ్ర అణుపరీక్షల నిషేధ ఒప్పందం 1996 సెప్టెంబరు 24న సంతకాలకు సిద్ధమైంది. ఆ ఒప్పందం కింద ఏర్పడే పర్యవేక్షణ వ్యవస్థలో 80 రేడియోధార్మిక కేంద్రాలు ఉండాలి, అందులో 40 కేంద్రాలు జడవాయువులను కూడా కొలవాలి. భారతదేశం సంతకం చేయలేదు కనుక ఆ వ్యవస్థకు చెందిన కేంద్రం మన గడ్డ మీద లేదు. ఆ ఒప్పందం ఇంకా అమలులోకి రాకపోయినా కేంద్రాలు మాత్రం పనిచేస్తున్నాయి. 2011 మార్చిలో ఫుకుషిమా ప్రమాదం జరిగినప్పుడు పసిఫిక్ దాటిన జినాన్‌ను అమెరికా పశ్చిమాన ఉన్న రిచ్‌లాండ్ ప్రయోగశాల మార్చి 16 నాటికే గుర్తించింది. ఒప్పందంపై మన ప్రభుత్వ వైఖరికి కారణాలు ఏవైనా, సంతకంతో ముడిపెట్టకుండా మన దేశం జడవాయువుల కొలతలు చేపట్టి వాటిని ప్రజలకు వెల్లడిస్తే మేలు అని మా అభిప్రాయం.

మన అణువిద్యుత్ కేంద్రాల వద్ద మాత్రం కొలతలు జరుగుతాయి. ప్రతి కేంద్రం దగ్గరా భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన పర్యావరణ పరిశీలనా ప్రయోగశాల ఉంటుంది. కల్పాక్కంలో ప్రధానంగా చూసే జడవాయువు ఆర్గాన్-41. అక్కడి పాత రియాక్టర్ల చుట్టూ ఉన్న గదిని గాలితో చల్లబరుస్తారు. గాలిలో దాదాపు ఒక శాతం ఆర్గానే కనుక న్యూట్రాన్లు తగిలి అది రేడియోధార్మికమవుతుంది. దాని అర్ధాయువు రెండు గంటల లోపే కావడం వలన గాలితో దూరం వెళ్లేలోపు చాలా భాగం నశిస్తుంది. తరువాత కట్టిన ఈ తరహా రియాక్టర్లలో ఆ గదిని నీటితో నింపుతున్నందున ఆర్గాన్-41 విడుదల బాగా తగ్గిపోయింది.